తెగిపోయిన మాట ఎవరిది? పెరిగే సైట్‌లో డెవలపర్ పని

(హనుమకొండలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం, అక్షర రూపంలో)

సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పొద్దున్నుంచి కూర్చునే ఉన్నారు, అలసిపోయి ఉంటారు. అయినా ఇంకొంచెంసేపు ఓపిక పట్టండి. నేను చెప్పాలనుకున్నది మీకు ఏ సిలబస్‌లోనూ దొరకదు.

నేను ఈ ఊరిదాన్నే. చదువయ్యాక అందరిలాగే హైదరాబాద్ బస్సెక్కాను. మూడేళ్లు అక్కడ చేసి తిరిగొచ్చేశాను. అప్పట్లో ఇక్కడికి తిరిగొస్తానంటే ఇంట్లోవాళ్లు కూడా అదోలా చూశారు. మడికొండలో పెద్ద ఐటీ కంపెనీలు తలుపులు తెరిచింది 2020 జనవరిలో. నేను వచ్చింది 2016లో. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఒకే సైట్ మీద పని చేస్తున్నాను. రైతులు తమ పంట గురించి ఒకరినొకరు అడిగి తెలుసుకునే సైట్ అది. ఆకు ఎందుకు ముడుచుకుంది, ఏ విత్తనం బాగా మొలిచింది, ఏనుమాముల మార్కెట్లో ఇవాళ తేజా రకం మిర్చి ఎంత పలికింది, ఇలాంటివి.

చేరిన కొత్తలో ఆ సైట్ ఒక రచ్చబండలా ఉండేది. నాలుగైదు మండలాల రైతులు, ఇద్దరు ముగ్గురు రిటైరైన వ్యవసాయాధికారులు, ఒక అద్దె సర్వర్, నేను. ఎవరిది ఏ ఊరో అందరికీ తెలుసు. ఎవరైనా తప్పు మాట అంటే సాయంత్రానికి ఫోన్ చేసి సర్దుబాటు చేసుకునేవాళ్లు. ఇప్పుడు ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా జనం ఉన్నారు. మాది ఆరుగురి టీమ్. ఈ మధ్యలో ఏం జరిగిందన్నదే నా ముచ్చట. సైట్ పెరుగుతుంటే సర్వర్లు పెంచాలి, డేటాబేస్ మార్చాలి, ఇవి మీరు ఎక్కడైనా చదువుతారు. పెరిగేకొద్దీ ఎక్కడో ఒకచోట ఒక మనిషి మాట తెగిపోతుంటుంది. అది ఎక్కడ తెగింది, ఎవరిది తెగింది అని వెతకడమే నా ఉద్యోగమని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

2021 చలికాలం తీసుకోండి. మీలో మిర్చి వేసే ఇళ్ల పిల్లలు ఉంటే ఆ ఏడాది మర్చిపోయి ఉండరు. నల్ల తామర పురుగు వచ్చి పూతనంతా రాల్చేసింది. మన రైతులకు అంతకుముందు తెలిసిన తామర పురుగు వేరు, ఇది వేరు. మన దేశంలో దీన్ని 2015లో బెంగళూరు వైపు బొప్పాయి మీద మొదట గుర్తించారు. ఇది పువ్వులో చేరుతుంది. పువ్వు తెంపి అరచేతిలో దులిపితే నల్లగా, సన్నగా, గీతల్లాంటి పురుగులు పాకుతాయి. రైతులు సరిగ్గా ఆ ఫొటోనే పంపారు. పగుళ్లు తేలిన అరచేయి, మధ్యలో తెల్లటి పువ్వు, చుట్టూ నల్ల గీతలు. పొద్దున్నే పొలానికి పోయి, ఏడు ఎనిమిది గంటల మధ్య అందరూ ఒకేసారి పంపారు.

అప్పుడు మా కోడ్ ఎలా ఉండేదంటే, ఫొటో అందుకున్న ప్రాసెస్సే, అంటే సర్వర్లో నడిచే ప్రోగ్రామే, దాన్ని చిన్నది చేసి, మూడు సైజుల్లో దాచి, ఆ తర్వాతే 'మీ ప్రశ్న అందింది' అని చెప్పేది. ఒక్కో ఫొటో నాలుగైదు ఎంబీ. మా సర్వర్లో అలాంటి ప్రాసెస్‌లు ఎనిమిది. ఎనిమిది మంది ఫొటోలు పెడితే చాలు, తొమ్మిదో మనిషికి చదువుకుందామన్నా పేజీ తెరుచుకోదు. రోజుకు పది ఫొటోలు వచ్చే కాలంలో ఇది ఎవరికీ కనబడని లోపం. ఆ చలికాలంలో పొద్దున పూట సైట్ అసలు లేవలేదు.

దీన్ని మా టీమ్‌కు వివరించేటప్పుడు నేను చెరువు బొమ్మ గీశాను. మనం కాకతీయుల గొలుసుకట్టు చెరువుల మధ్య పుట్టినవాళ్లం. పాకాల, రామప్ప, లక్నవరం చూడనివాళ్లు ఈ హాల్లో తక్కువే ఉంటారు. చెరువుకు తూము ఉంటుంది, మత్తడి ఉంటుంది. వాన ఎంత కురిసినా తూములోంచి పొలానికి పోయేది పొలం తట్టుకునేంతే. మిగతాది చెరువులో ఆగుతుంది. చెరువు కూడా నిండితే నీళ్లు మత్తడి దుంకి కింది చెరువుకు పోతాయి. మత్తడి సరిగా లేని చెరువుకు కట్ట తెగుతుంది. మా సైట్‌కు అసలు చెరువే లేదు. వాన నేరుగా మడి మీద పడుతోంది.

అందుకని ఫొటోల పనిని పక్కకు తీసి క్యూలో పెట్టాం. అదే చెరువు. ఆ క్యూలోంచి ఒకేసారి రెండే వర్కర్లు, అంటే ఆ పని చేసే ప్రోగ్రాములు, పని తీసుకుంటాయి. అదే తూము. క్యూ ఒక హద్దు దాటితే కొత్త ఫొటోను అలాగే దాచి, 'మీ ప్రశ్న అందింది, ఫొటో కనబడటానికి కాస్త సమయం పడుతుంది' అని మనిషికి ఉన్నదున్నట్టు చెబుతాం. అదే మత్తడి. చాలామంది డెవలపర్లు క్యూ పెట్టి ఊరుకుంటారు, హద్దు పెట్టరు. హద్దు లేని క్యూ మత్తడి లేని చెరువే. అది తెగేది కూడా మనం నిద్రలో ఉన్నప్పుడే.

ఈ కథలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది సైట్ పడిపోవడం కాదు. పేజీ తిరుగుతూనే ఉంటే మనిషి ఏం చేస్తాడు? మళ్లీ నొక్కుతాడు. ఒకే ప్రశ్న ఐదుసార్లు, ఏడుసార్లు వచ్చి పడింది. అంతకు రెండేళ్ల ముందు, ప్రకటనలు దంచే వాళ్లను ఆపడానికి నేనొక కోడ్ రాశాను. పది నిమిషాల్లో ఒకే మాట ఐదుసార్లు పెడితే ఆ ఖాతా ఒక రోజు ఆగిపోతుంది. ఆ కోడ్ దాని పని అది చేసింది. తోట కళ్లముందే ఎండిపోతున్న రైతులకు 'ఒకే విషయం పదేపదే పెట్టినందుకు మీ ఖాతా నిలిపివేశాం' అని పోయింది. ఆలస్యం మాది, శిక్ష వాళ్లకు. మూడో రోజు ఒక పెద్దాయన ఫోన్ చేసి, 'నేనేం తప్పు జేసిన బిడ్డా?' అని అడిగాడు. అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు.

దీనికి మందు చిన్నదే. ప్రశ్న రాసే పేజీ తెరిచినప్పుడే ఫోన్ ఆ ప్రశ్నకొక గుర్తు నంబరు వేసుకుంటుంది. ఎన్నిసార్లు నొక్కినా అదే నంబరు వస్తుంది, సర్వర్ ఒక్కసారే తీసుకుంటుంది. ఒక పూటలో రాసే కోడ్. డబ్బులు కట్టే యాప్‌లలో ఇది తప్పనిసరి అని అందరికీ తెలుసు. ప్రశ్నకు కూడా అంత విలువ ఉందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

డేటాబేస్ సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది మీరు పనిలో చేరిన ఏడాదిలోపే ఎలాగూ నేర్చుకుంటారు. మొదటి పేజీలో యాభై ప్రశ్నలు చూపిస్తాం. ఒక్కో ప్రశ్నకు అడిగినవాళ్ల పేరు తేవడానికి ఒకసారి, చివరి జవాబు తేవడానికి ఒకసారి డేటాబేస్ దగ్గరికి పోతే, పేజీ ఒక్కసారి తెరవడానికి నూటొక్కసారి తిరిగినట్టు. అంగడికి పోయి ఉప్పుకొకసారి, పప్పుకొకసారి, చింతపండుకొకసారి ఇంటికొచ్చి పోయినట్టు ఉంటుంది. చీటీ రాసుకుని ఒకేసారి తెచ్చుకోవాలి. ఇంకోటి, పేజీ నంబర్లు. రెండువేలవ పేజీ ఇవ్వమంటే డేటాబేస్ దాని ముందున్న వరసలన్నీ లెక్కపెట్టి పారేసి, ఆఖరుకు మీకు కావలసిన యాభై ఇస్తుంది. మనుషులు అంత వెనక్కి పోరు కానీ సెర్చ్ ఇంజన్ల బాట్లు, అంటే వాటంతటవే పేజీలు తిరిగే ప్రోగ్రాములు, పోతాయి, రాత్రంతా పోతాయి. 'ఈ ప్రశ్న కంటే పాతవి యాభై ఇవ్వు' అని అడిగేలా మార్చి, సరైన ఇండెక్స్, అంటే పుస్తకానికి ఉండే సూచిక లాంటిది, పెడితే ఆ బరువు దిగిపోతుంది. ఇవి కష్టమైనవి కావు. ఏ క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ఏ ప్రశ్న, నిదానంగా నడుస్తోందో రోజూ చూసే అలవాటు ఉంటే చాలు.

అసలు కష్టం మన భాష దగ్గరుంది. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను.

అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ఆ నంబర్లను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో దాస్తే ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. 'ప్రత్తి' అన్న మాట తీసుకోండి. కంటికి రెండు అక్షరాలు. కంప్యూటర్‌కు ప, పొల్లు, ర, త, పొల్లు, త, గుడి, మొత్తం ఏడు గుర్తులు, ఇరవై ఒక్క బైట్లు. 'శీర్షిక ఇన్ని అక్షరాలు దాటకూడదు' అని మీరు కోడ్‌లో రాసినప్పుడు, ఏ లెక్కన అన్నది ముందు తేల్చుకోవాలి. బైట్ల లెక్కన కోస్తే చివర ప్రశ్నార్థకం పెట్టె వస్తుంది. గుర్తుల లెక్కన కోస్తే ఒత్తు ఊడిపోయి వేరే మాట అవుతుంది.

2018 ఫిబ్రవరి సంగతి మీలో కొందరికి గుర్తుండొచ్చు. 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తుతో కలిపి వస్తే, మెసేజ్ తెరిచిన ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెల 19న ఆపిల్ వాళ్లు ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. ప్రపంచంలో అంత జాగ్రత్తగా పరీక్షించే చోట కూడా మన అక్షరం చివరిదాకా పరీక్షకు రాలేదు. అది చదివిన రోజు నేను అనుకున్నాను, తెలుగును తెలుగువాళ్లు పరీక్షించకపోతే ఇంకెవరు పరీక్షిస్తారని. కానీ మా సొంత డేటాబేస్‌లో ఏం జరుగుతోందో అప్పటికి నేనే చూడలేదు.

మా డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. అందులో మా టేబుల్స్ పాత 'యూటీఎఫ్8' పద్ధతిలో ఉండేవి. పేరుకు యూటీఎఫ్-8 అయినా, ఒక గుర్తుకు మూడు బైట్ల దాకానే దాచుకోగలదు. తెలుగు మూడు బైట్లే కాబట్టి తెలుగు బాగానే పట్టింది. అందుకే ఏళ్ల తరబడి ఎవరికీ అనుమానం రాలేదు. ఎమోజీలకు మాత్రం చాలావాటికి నాలుగు బైట్లు. నాలుగు బైట్లు పట్టే 'యూటీఎఫ్8ఎంబీ4' 2010లోనే, 5.5.3 వెర్షన్‌తో వచ్చింది, మేము మార్చుకోలేదు. మాకున్న సెట్టింగ్‌లో ఆ డేటాబేస్ తప్పు అని అరవదు. పట్టని గుర్తు ఎక్కడ తగిలితే అక్కడి నుంచి మిగతాదంతా కోసేసి, ముందున్నదాన్ని దాచుకుని, 'అయింది' అంటుంది.

మన ఊళ్లలో మనిషి పెద్దవాళ్లను ఏదైనా అడగాలంటే ముందు ఏం చేస్తాడు? దండం పెడతాడు. ఫోన్‌లో కూడా అంతే. రెండు చేతులు జోడించిన బొమ్మ ముందు పెట్టి, ఆ తర్వాత 'సారూ, మాది ఫలానా ఊరు, రెండెకరాల పత్తి' అని మొదలుపెడతాడు. ఆ బొమ్మ నాలుగు బైట్లు. అది మొదట్లోనే ఉంది. కాబట్టి ప్రశ్న మొత్తం పోయి, ఖాళీ పోస్ట్ మిగిలింది. మర్యాదగా అడిగినవాళ్ల మాటే తుడిచిపెట్టుకుపోయింది. దండం పెట్టకుండా నేరుగా అడిగినవాళ్లకు జవాబులు వచ్చాయి.

మోడరేటర్లు, అంటే పోస్టులు చూసి ఉంచాలో తీసేయాలో తేల్చేవాళ్లు, ఆ ఖాళీ పోస్టులను 'చేయి తగిలి వచ్చి ఉంటుంది' అనుకుని తీసేస్తున్నారు. నేను కూడా అదే అనుకున్నాను. ఒక రోజు మా మోడరేటర్ సారు, రిటైరైన వ్యవసాయాధికారి, 'అమ్మా, ఈ ఖాళీవన్నీ వయసైన రైతులవే ఎందుకొస్తున్నయి?' అని అడిగాడు. తప్పులు నమోదయ్యే ఎర్రర్ లాగ్‌లో ఒక్క లైను లేదు. ఆ ఒక్క ప్రశ్న లేకపోతే ఇంకా ఎన్నేళ్లు నడిచేదో. 2018 వేసవిలో టేబుల్స్ మార్చాం, డేటాబేస్ తప్పును తప్పు అని చెప్పేలా సెట్టింగ్ బిగించాం. పోయిన మాటలు మాత్రం ఎక్కడా లేవు. బ్యాకప్‌లలో కూడా ఖాళీయే ఉంది.

ఇంకో కోత గురించి చెప్పాలి. జవాబు వచ్చినప్పుడు ఫోన్‌కు నోటిఫికేషన్ పంపుతాం. జవాబులో మొదటి ముక్క చూపించి, హద్దు దాటితే చుక్కలు పెడతాం. అందరూ చేసేదే. ఒక జవాబు ఇలా ఉంది: 'ఈ మందు తోట పూత మీద ఉన్నప్పుడు కొట్టవద్దు.' ఫోన్‌లో కనబడింది: 'ఈ మందు తోట పూత మీద ఉన్నప్పుడు కొట్ట...' మీరే చదవండి. మన భాషలో క్రియ చివర వస్తుంది. వద్దు, కాదు, లేదు అన్నీ వాక్యం తోకలోనే ఉంటాయి. తోక కోస్తే తలకిందులవుతుంది. ఇంగ్లీషులో 'వద్దు' వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది కాబట్టి ఈ కోత లైబ్రరీని, అంటే తయారుగా దొరికే కోడ్‌ను, రాసిన ఇంగ్లీషు వాళ్లకు ఈ దిగులు తక్కువ. మేము ఆ లైబ్రరీని అలాగే తెచ్చి పెట్టుకున్నాం. ఇప్పుడు వాక్యం మధ్యలో కోయడం లేదు. పూర్తి వాక్యం పడితే చూపిస్తాం, పట్టకపోతే 'మీ ప్రశ్నకు జవాబు వచ్చింది' అని మాత్రమే చెప్పి ఊరుకుంటాం. తెలుగులో యాప్ చేసే ప్రతి ఒక్కరూ ఈ ఒక్కటి చూసుకోవాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

సెర్చ్ అయితే ఇంకా తీరని పని. ఒకరు మక్క అంటారు, ఒకరు మక్కజొన్న, ఇంకొకరు మొక్కజొన్న. మన ఇళ్లలో యాసంగి, పాత కాగితాల్లో రబీ. పత్తి, ప్రత్తి. దోమపోటు అన్నా సుడిదోమ అన్నా వరిలో ఒకటే గోస. మొన్న 2025లో మన వరంగల్ చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, దాన్ని మన రైతులు టమాటా మిర్చి అని కూడా అంటారు. సెర్చ్‌లో అలా కొడితే టమాటా పంట పేజీలు వరసగా వచ్చి పడేవి. పైగా మన మాటలు ఊరికే ఉండవు, పత్తికి, పత్తిలో, పత్తినుంచి అని తోకలు తగిలించుకుంటాయి. 'రైతు' అన్న మాటలో ఐత్వం కూడా రెండు రకాలుగా దాచే వీలుంది. కంటికి ఒకటే, కంప్యూటర్‌కు వేరు. నార్మలైజేషన్ చేసి రెండూ ఒకటి చేయకపోతే 'రైతు' అని వెతికితే 'రైతు' దొరకదు.

మోడరేటర్ సారు, నేను కలిసి నెలరోజులు కూర్చుని ఒక నోట్‌బుక్ నింపాం. ఎడమ పక్క జనం మాట, కుడి పక్క పుస్తకం మాట. ఆ నోట్‌బుక్కే ఇప్పటికీ మా సెర్చ్‌కు పునాది. నేను రాసిన ఏ కోడ్ కంటే అది ఎక్కువ పని చేస్తోంది.

అయితే ఆ పనిలోనే నేనొక తప్పు చేశాను. ఏ సెర్చ్‌లోనైనా పెద్దగా అర్థం లేని చిన్న మాటలను వదిలేస్తారు. నేను కూడా ఒక జాబితా రాసుకున్నాను: మరియు, కూడా, నుంచి, పై, కింది. మిర్చిలో ఆకు ముడత రెండు రకాలు. పై ముడత అంటే తామర పురుగు చేసేది, ఆకు అంచులు పైకి లేచి దోనెలా అవుతాయి. కింది ముడత నల్లి చేసేది, అంచులు కిందికి వంగుతాయి. పురుగుకు వేసే మందు వేరు, నల్లికి వేసే మందు వేరు. నేను 'పై', 'కింది' తీసేశాను. మిగిలింది 'ముడత' ఒక్కటే. పై ముడత అని వెతికినవాళ్లకు కింది ముడత జవాబులు ముందొచ్చాయి. ఎంతమంది తప్పు మందు కొన్నారో లెక్క తీసే దారి లేదు. సారు ఆ జాబితా మీద వేలు పెట్టి, 'అమ్మా, ఈ రెండు మాటల మధ్యన ఒక పంట ఉంది' అన్నాడు. ఆ రోజు నుంచి పంట తెలిసిన మనిషి చూడకుండా ఏ మాటనూ తీసేయడం లేదు.

ఇక 2023 జులై. 26 రాత్రి, 27 తెల్లవారుజాము. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి వైపు మోరంచపల్లి ఊరు నీళ్లలో మునిగింది. మాది పంటల సైట్, వరదల సైట్ కాదు. కానీ జనానికి చేతికి అందిన రచ్చబండ అదే. ఆ రాత్రి ప్రశ్నలన్నీ దారుల గురించే. ఈ వాగు దాటొచ్చా, ఆ రోడ్డు మీద నీళ్లున్నాయా.

సైట్ పడిపోలేదు. 2021 తర్వాత అంత గట్టిగా చేశాం మరి. లాగిన్ కాకుండా చదివేవాళ్లకు ప్రతిసారీ పేజీ కొత్తగా తయారుచేయకుండా, ఒకసారి చేసినదాన్ని పావుగంట దాచి అదే చూపించేవాళ్లం. దాన్నే కాష్ అంటారు, మీకు తెలుసు. రాత్రి పదింటికి ఒకాయన అడిగాడు, ఒక వాగు మీదుగా ట్రాక్టర్ పోతుందా అని. ఎవరో 'పోతది, మోకాళ్ల లోతే' అన్నారు. దానికి చాలామంది లైక్ కొట్టారు. కాసేపటికి ఆ వాగు ఒడ్డు మీది ఊరాయన రాశాడు, 'పోవద్దు, నీళ్లు పెరిగినయి.' కానీ కాష్‌లో ఉన్నది పాత పేజీ. కాష్ కొత్తగా మారిన తర్వాత కూడా, లైకులు ఎక్కువున్న జవాబు పైన రావాలని మేము పెట్టుకున్న పద్ధతి వల్ల 'పోతది' పైనే ఉంది. అన్నిటికంటే ఘోరం, దాని పక్కన '5 నిమిషాల క్రితం' అని ఉంది. పేజీ తయారైనప్పుడు ఐదు నిమిషాలే. ఆ పేజీ కాష్‌లో గడ్డకట్టింది, దాంతో పాటు ఆ ఐదు నిమిషాలూ గడ్డకట్టాయి. పావుగంట తర్వాత చదివినవాళ్లకూ ఐదు నిమిషాలే.

ఒక తమ్ముడు అది చదివి బండి తీశాడు. ఊరి చివర జనం ఆపి వెనక్కి పంపారు. మర్నాడు ఫోన్ చేసి, కోపం కూడా లేకుండా, 'అక్కా, మీ సైట్‌ల పోతది అనే ఉండె' అన్నాడు. నాకు ఆ తర్వాత రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ మూడు నిర్ణయాలూ నావే. కాష్ సర్వర్ బాగు కోసం, లైకుల వరుస పేజీ అందం కోసం, 'నిమిషాల క్రితం' అన్నది చదవడానికి బాగుంటుందని. విడివిడిగా చూస్తే మూడూ సబబే. వాన పడిన రాత్రి మూడూ ఒకేచోట కలిశాయి.

ఇప్పుడు కొత్త జవాబు రాగానే ఆ ఒక్క పేజీ కాష్ తీసేస్తాం. సమయం గడియారం ప్రకారం చూపిస్తాం, రాత్రి 10:12 అంటే 10:12 అనే. దారులు, వానలు, మార్కెట్ ధరల ప్రశ్నల్లో లైకుల వరుస లేదు, కొత్తది పైన ఉంటుంది. పంట ప్రశ్నల్లో కూడా లైకులను నమ్మడం తగ్గించాం. ధీమాగా రాసిన తప్పు జవాబుకు లైకులు బాగా పడతాయి. అడిగిన రైతును పది రోజుల తర్వాత మేమే అడుగుతాం, 'ఏ జవాబు పని చేసింది?' అని. అందరూ చెప్పరు. చెప్పినవాళ్ల మాట మాత్రం లైకుల కంటే పైన ఉంటుంది.

జనం పెరిగితే కొత్తవాళ్లు వస్తారు, కొత్తవాళ్లలో అమ్మేవాళ్లూ ఉంటారు. రైతు పేరుతో ఖాతా తెరిచి, 'నేను ఈ మందు కొట్టిన, తోట లేచి కూసుంది' అని పది చోట్ల రాస్తారు. ఒకప్పుడు ఎవరిది ఏ ఊరో తెలుసు కాబట్టి ఇది సాగేది కాదు. ఇప్పుడు ఆ పని కోడ్ చేయాలి. ఖాతా ఎప్పటిది, ఇంతకుముందు ఎన్ని ప్రశ్నలకు జవాబిచ్చారు, ఒకే మందు పేరు ఎన్నిసార్లు రాశారు, ఇవన్నీ మోడరేటర్ ముందు ఒకేచోట పెడతాం. తీసేయడం, ఉంచడం మాత్రం మనిషే తేల్చాలి. ఆ మాట నేను ఎంతమంది ఎదురు చెప్పినా వదల్లేదు.

ఆడవాళ్ల సంగతి. పత్తి ఏరేది, కలుపు తీసేది, మిర్చి తెంపేది ఎక్కువగా వాళ్లే. మా సైట్‌లో మాత్రం వాళ్ల ప్రశ్నలు చాలా తక్కువ. ఎందుకో నాకు ముందే తెలియాలి, నేనూ ఆడదాన్నే కదా. ఒక అక్క మంచి మంచి జవాబులు రాసేది, ఉన్నట్టుండి ఆపేసింది. వేరే పని మీద కలిసినప్పుడు అడిగితే, ఫోన్ చేతికిచ్చి చూపించింది. సైట్‌లోని ప్రైవేట్ మెసేజ్‌లు, రాత్రిపూట, ముక్కు మొహం తెలియని మగవాళ్ల నుంచి వరసగా. మేము ఆ సౌకర్యం పెట్టినప్పుడు 'అందరూ అందరికీ పంపొచ్చు' అని తెరిచిపెట్టాం. ఒక్క సెట్టింగ్. ఇప్పుడది మొదటి నుంచీ మూసే ఉంటుంది, కావాలనుకున్నవాళ్లు తెరుచుకోవచ్చు. ఆ అక్క తిరిగొచ్చింది. రాకుండా పోయినవాళ్లెవరో మాకెప్పటికీ తెలియదు. సైట్‌కు వచ్చినవాళ్ల అడుగులే లాగ్‌లో పడతాయి, మానేసినవాళ్లవి పడవు. అందుకే గ్రాఫ్ పైకి పోతోందని మురిసిపోయే మీటింగుల్లో నేను ఒక మాట అడుగుతాను, ఈ నెల ఎవరు రాయడం మానేశారు అని. పాతవాళ్లలో ఎవరు ఆగిపోయారో చూపించే చిన్న రిపోర్ట్ ఒకటి రాసి పెట్టాను. ప్రతి సోమవారం దాన్ని చూసి, ఇద్దరు ముగ్గురికైనా ఫోన్ చేస్తాం.

2021 ఫిబ్రవరిలో కేంద్రం కొత్త ఐటీ నియమాలు తెచ్చినప్పుడు ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలని, 15 రోజుల్లో తేల్చాలని పెట్టింది. అప్పుడే మేము ప్రతి ఫిర్యాదుకూ నంబరు, ఎప్పుడొచ్చింది, ఎవరు చూశారు, ఏం చేశారు అని రాసిపెట్టే టేబుల్ కట్టాం. చట్టం కోసం కట్టిందే అయినా, మాకు మేలు చేసింది. మోడరేటర్లు ఎంత మోస్తున్నారో ఆ టేబుల్ చూశాకే తెలిసింది. మూడు నెలలకొకసారి వారం రోజులు నేను వాళ్ల కుర్చీలో కూర్చుంటాను. కోడ్ రాయను, ఫిర్యాదులే చూస్తాను. ఒక్క పోస్ట్ తీసేయడానికి ఆరుసార్లు నొక్కాలని నాకు అలాగే తెలిసింది. రోజుకు వందసార్లు చేసే మనిషికి ఆ ఆరు నొక్కుళ్లు ఎంతో మీరే లెక్కేసుకోండి.

ఆ ఖాళీ పోస్టుల దగ్గరికి ఒకసారి తిరిగొస్తాను. టేబుల్స్ మార్చాక, ఖాళీగా పోయిన ప్రతి పోస్ట్ ఎవరిదో జాబితా తీశాను. మాట పోయినా ఖాతా, తేదీ మిగిలాయి. సారు, నేను కలిసి వాళ్లందరికీ వరసగా ఫోన్లు చేశాం. 'మీరు ఫలానా రోజు ఏదో అడిగారు, మా తప్పు వల్ల అది మాకు అందలేదు, ఏమడిగారో గుర్తుందా?' అని. చాలామందికి గుర్తు లేదు. కొందరు ఇంక సైట్ చూడటం లేదన్నారు. పరకాల వైపు ఒక పెద్దాయన మాత్రం కాసేపు ఏం మాట్లాడలేదు. నాకు లైన్ కట్టయిందేమో అనిపించింది. తర్వాత అన్నాడు, 'అప్పుడడిగింది పత్తి గురించి బిడ్డా, ఆ చేను పోయింది. ఇప్పుడు దున్ని మిర్చి నారు పోద్దామనుకుంటున్న. మడి ఎంత ఎత్తుండాలె, రాసుకుంటవా?'

నేను రాసుకున్నాను. ముందు దండం బొమ్మ పెట్టి, ఆయన పేరు మీద నేనే సైట్‌లో పెట్టాను. మొత్తం కనబడింది. సాయంత్రానికి నాలుగు జవాబులొచ్చాయి.

ఇక మీరు అడగండి. మైక్ మొదట వెనక వరుసకు ఇవ్వండి.